అబ్బే స్పలాంజాని: ప్రకృతిని ప్రశ్నించిన మతాచార్యుడు

మన పూర్వులు ప్రాణులను నాలుగు తరగతులుగా విభజించారు. మావితో పుట్టేవి జరాయుజాలు. గ్రుడ్డు నుండి వెలువడేవి అండజాలు. నేలను చీల్చుకొని వచ్చేవి ఉద్భిజ్జాలు. చెమట నుండి, తేమ నుండి, ఉక్క నుండి పుట్టేవి స్వేదజాలు. పేలు, నల్లులు, దోమలు ఈ చివరి తరగతికి చెందినవని నమ్మేవారు. వానాకాలంలో మూలపెట్టిన పిండిలో పురుగులు కనబడితే, "పిండికి పురుగు పట్టింది" అని ఊరుకుంటామే గాని, ఆ పురుగుకు తల్లి ఎవరని అడగడం అరుదు.

ఈ నమ్మకం మన దేశానికి మాత్రమే పరిమితమైనది కాదు. ఐరోపాలో అరిస్టాటిల్ కాలం నుండి రెండువేల ఏండ్లపాటు పండితులు కూడా ఇట్లే తలచారు. బురద నుండి కప్పలు, కుళ్ళిన మాంసం నుండి ఈగలు వాటంతట అవే పుట్టుకొస్తాయని వారి విశ్వాసం. దీనినే స్వతోజననవాదం అంటారు. ఈ వాదాన్ని ప్రయోగాలతో ఎదుర్కొన్నవారిలో ముఖ్యుడు ఇటలీకి చెందిన లాజరో స్పలాంజాని. ఆయన ప్రార్థనాలయంలో పూజ జరిపించే మతాచార్యుడు, విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే ఆచార్యుడు, నీటిచుక్క మొదలు అగ్నిపర్వతం వరకు దేనినీ విడిచిపెట్టని ప్రకృతి పరిశోధకుడు. ఈ మూడు వృత్తులను ఒక్క మనిషే ఎట్లా నిర్వహించాడు, వాటివల్ల విజ్ఞానానికి ఒనగూడినదేమిటి, ఎక్కడ ఆయన దృష్టికి మబ్బు కమ్మింది అనేవి తెలుసుకోదగిన విషయాలు.

బాల్యం, విద్యాభ్యాసం

స్పలాంజాని 1729 జనవరిలో ఉత్తర ఇటలీలోని స్కాండియానో అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. పదునైదవ ఏట ఆ బాలుని దగ్గరలోని రెజ్జో పట్టణంలో జెస్యూట్ గురువులు నడిపే విద్యాలయానికి పంపారు. అక్కడ ప్రాచీన భాషలు, తత్త్వశాస్త్రం నేర్చుకున్నాడు. అతని చురుకుదనం చూసి గురువులు తమ సంఘంలో చేరమని కోరారు గాని అతడు అంగీకరించలేదు. తండ్రి కోరిక ప్రకారం 1749లో బొలోన్యా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళాడు.

ఆయన జీవితం మలుపు తిరిగింది ఇక్కడే. ఆ విశ్వవిద్యాలయంలో లారా బస్సీ అనే విదుషీమణి భౌతికశాస్త్రం బోధించేది. ఐరోపాలో విశ్వవిద్యాలయ ఆచార్యపదవిని పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు. స్పలాంజానికి దగ్గరి బంధువు కూడా. ఆమె ప్రోత్సాహంతో అతనికి గణితంలోను, ప్రకృతిశాస్త్రంలోను అభిరుచి కలిగింది. తన మనసు న్యాయశాస్త్రం మీద లేదని గ్రహించి, తండ్రి అనుమతితో దానిని వదిలివేశాడు. కొంతకాలానికి మతదీక్ష పుచ్చుకొని "అబ్బే" అని పిలవబడ్డాడు.

ఆ రోజులలో మతదీక్ష విజ్ఞానానికి అడ్డంకిగా భావింపబడేది కాదు. పైగా, ఆస్తిపాస్తులు లేని చదువరికి చర్చి నుండి లభించే కొద్దిపాటి ఆదాయం ఎంతో ఆసరా. స్పలాంజాని చివరివరకు మతాచార్యుడుగానే ఉన్నాడు. ఆ ఆదాయమే ఆయన సూక్ష్మదర్శినులకు, గాజుకుప్పెలకు, ప్రయాణాలకు తోడ్పడింది.

1755లో రెజ్జోలో ఉపాధ్యాయుడుగా చేరి తర్కం, గ్రీకు మొదలైనవి బోధించాడు. హోమరు కావ్యానికి ఇటాలియను భాషలో వచ్చిన అనువాదాన్ని విమర్శిస్తూ వ్రాసినది ఆయన తొలి రచనలలో ఒకటి. కొన్ని ఏండ్ల తరువాత అదే విమర్శదృష్టి పండితుల ప్రయోగాల వైపు మళ్ళింది.

ఇద్దరు మతాచార్యుల వాదం

ఈగల సంగతి అప్పటికే తేలిపోయింది. 1668లో ఫ్రాంచెస్కో రెడి అనే ఇటలీ వైద్యుడు మాంసం ముక్కలను పాత్రలలో ఉంచి, కొన్నింటిని తెరచి ఉంచాడు, కొన్నింటిని పలుచని గుడ్డతో కప్పాడు. తెరచిన పాత్రలలోనే పురుగులు కనిపించాయి. కప్పిన పాత్రలలోని మాంసం కుళ్ళింది గాని పురుగు పట్టలేదు. ఈగలు పెట్టిన గ్రుడ్ల నుండే పురుగులు వస్తాయని స్పష్టమైంది.

కాని ఇంతలో హాలెండులో లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినితో నీటిచుక్కలో కంటికి కనబడని ప్రాణులను చూశాడు. దానితో పాతవాదానికి క్రొత్త ఊపిరి వచ్చింది. ఈగలు గ్రుడ్ల నుండి పుట్టవచ్చు. ఇంత సూక్ష్మమైన ప్రాణులకు తల్లిదండ్రులెక్కడ? అవి కుళ్ళిన పదార్థం నుండి వాటంతట అవే పుట్టవలసిందే గదా అని పలువురు వాదించారు.

1748 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన జాన్ నీడ్‌హామ్ దీనికి ప్రయోగరూపంలో ఆధారం చూపాడు. ఆయన కూడా కేథలిక్ మతాచార్యుడే. వేడి మాంసరసాన్ని సీసాలో పోసి, బిరడా బిగించి, వేడిబూడిదలో ఉంచి కాచాడు. కొన్ని రోజుల తరువాత తెరిచి చూస్తే రసం నిండా సూక్ష్మప్రాణులు! వేడికి ప్రాణులన్నీ చచ్చి ఉండాలి, బయటినుండి రావడానికి దారి లేదు. కాబట్టి పదార్థంలో ఉండే "వృద్ధిశక్తి"యే వాటిని సృష్టించిందని నిర్ణయించాడు. ఫ్రాన్సులో మహాపండితుడైన బుఫాన్ ఈ వాదాన్ని బలపరచాడు. అంతటి పేరుగలవారు చెప్పినదానిని కాదనడానికి చాలామంది జంకారు.

స్పలాంజానికి ఈ ప్రయోగంలో రెండు సందేహాలు కలిగాయి. వేడి చాలినంత తగిలిందా? బిరడా గాలిని నిజంగా ఆపిందా? బిరడాలో కంటికి కనబడని సందులుంటాయి. సూక్ష్మప్రాణికి ఆ సందు రాజమార్గం.

ఆయన విత్తనాలను, కాయధాన్యాలను నీటిలో నానబెట్టిన కషాయాలను గాజుకుప్పెలలో పోశాడు. బిరడాలకు బదులు కుప్పెల మెడలనే మంటమీద కరిగించి మూసివేశాడు. గాజుకు గాజే మూత అయినప్పుడు సందులకు తావులేదు. తరువాత ఆ కుప్పెలను మరిగే నీటిలో ఉంచాడు. కొన్నింటిని కొద్ది నిమిషాలు, కొన్నింటిని ఒక గంటసేపు మరిగించాడు. రోజులు గడచిన తరువాత ఒక్కొక్క కుప్పెను పగులగొట్టి చుక్క చుక్క పరీక్షించాడు. గంటసేపు మరిగిన కుప్పెలలో ప్రాణి అన్నది కనబడలేదు. కొద్ది నిమిషాలు మాత్రమే మరిగినవాటిలో కొన్ని అతిసూక్ష్మమైన ప్రాణులు మిగిలాయి. ఈ ఫలితాలను 1765లో మోడెనా నగరంలో ప్రచురించాడు.

ఇందులో రెండు విషయాలున్నాయి. మొదటిది, నీడ్‌హామ్ సీసాలోని ప్రాణులు వేడికి చావక మిగిలినవో, సందులగుండా లోపలికి వచ్చినవో అయి ఉండాలి. రెండవది, సూక్ష్మప్రాణులన్నీ వేడికి ఒకే విధంగా లొంగవు. కొన్ని త్వరగా నశిస్తాయి, కొన్ని మరిగే నీటిలో సైతం చాలాసేపు నిలుస్తాయి. దీనికి కారణం నూరేండ్ల తరువాత తెలిసింది. కొన్ని బాక్టీరియాలు దట్టమైన కవచం గల సిద్ధబీజాలుగా మారి వేడిని తట్టుకుంటాయని 1876లో ఫెర్డినాండ్ కోన్ వివరించాడు.

ప్రతివాదికి ప్రయోగంతోనే సమాధానం

నీడ్‌హామ్ ఊరుకోలేదు. గంటసేపు మరిగించి పదార్థంలోని వృద్ధిశక్తిని చంపివేశారని, కుప్పెలోని కొద్దిపాటి గాలిని కూడా చెడగొట్టారని ఆక్షేపించాడు. ఆక్షేపణ తెలివైనదే. చచ్చినది ప్రాణా, ప్రాణిని పుట్టించే శక్తియా అన్నది పై ప్రయోగం వల్ల తేలదు.

స్పలాంజాని ఆ ఆక్షేపణనే పరీక్షకు పెట్టాడు. వేడి వృద్ధిశక్తిని చంపేదే అయితే, ఎక్కువసేపు మరిగిన కషాయంలో తక్కువ ప్రాణులు పుట్టాలి. అందుచేత కషాయాలను అరగంట, ఒక గంట, గంటన్నర, రెండు గంటలు చొప్పున మరిగించి, ఈసారి కుప్పెలను గట్టిగా మూయకుండా బిరడాలు వదులుగా పెట్టి ఉంచాడు. అన్నింటిలోను ప్రాణులు పుష్కలంగా వృద్ధిచెందాయి. విత్తనాలను మాడ్చి బొగ్గుచేసి నానబెట్టినా ఫలితం అదే. బొగ్గులో సైతం మిగిలే వృద్ధిశక్తి ఎటువంటిది? అసలు ఆ శక్తి లేనే లేదు. ప్రాణులు గాలివెంట వస్తున్నాయి. గాలిని గురించిన ఆక్షేపణకు జవాబుగా, మెడ వెంట్రుకవలె సన్నగా సాగిన కుప్పెలను వాడాడు. అటువంటి మెడ మంట తగలగానే మూసుకొంటుంది కనుక లోపలి గాలి పలుచబడదు. ఈ పరిశోధనలన్నీ 1776లో గ్రంథరూపంలో వెలువడ్డాయి.

సూక్ష్మప్రాణులు మరి ఎట్లా పెరుగుతాయి? ఒక ప్రాణి రెండుగా చీలుతుందని స్విట్జర్లండుకు చెందిన డి సొస్యూర్ చెప్పాడు. అవి ఒకదానికొకటి ఢీకొని తెగుతున్నాయే గాని చీలడం లేదని మరికొందరన్నారు. స్పలాంజాని ప్రాణులున్న నీటిచుక్క ప్రక్కన శుభ్రమైన నీటిచుక్కను ఉంచి, రెండింటిని సన్నని నీటిదారితో కలిపాడు. ఒకే ఒక ప్రాణి ఈ చుక్కలోకి ఈదిరాగానే దారిని తుడిచివేశాడు. ఒంటరిగా ఉన్న ఆ ప్రాణిని ఢీకొనడానికి మరొకటి లేదు. అయినా అది నడుమ సన్నబడి రెండైంది.

ఇంత జరిగినా వాదం పూర్తిగా ముగియలేదు. మూసిన కుప్పెలో ప్రాణవాయువు చాలదేమోనన్న అనుమానం మిగిలింది. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో లూయి పాశ్చర్ హంసమెడవలె వంగిన గొట్టాలుగల కుప్పెలతో, గాలి వచ్చినా ధూళి రాకుండా చేసి, ఆ అనుమానాన్ని తీర్చాడు. పాశ్చర్ నడిచిన బాటకు మొదట రాళ్ళేరినవాడు స్పలాంజాని. 19వ శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్సులో అప్పేర్ అనే వంటవాడు ఆహారాన్ని సీసాలలో పెట్టి, మూసి, మరిగించి నెలల తరబడి చెడకుండా నిలువచేసే పద్ధతిని ప్రచురించాడు. ఈనాటి డబ్బా ఆహారాలకు అదే మూలం. మన ఇళ్ళలో మిగిలిన పాలను సాయంత్రం మళ్ళీ కాచి పెట్టడంలో ఉన్నది కూడా ఈ సూత్రమే.

పవియాలో ఆచార్యుడు

1768లో స్పలాంజాని మరొక విషయంతో ఐరోపాను ఆశ్చర్యపరచాడు. బల్లి తోక తెగితే మళ్ళీ పెరగడం మనకు తెలిసినదే. ఆయన తోకకప్పల తోకలు, సలమాండరుల కాళ్ళు, వానపాముల శరీరాలు కత్తిరించి అవి తిరిగి ఎట్లా పెరుగుతాయో గమనించాడు. సలమాండరు బల్లివలె కనబడే ఉభయచరం. దాని కాలు ఎముకలతో, కండరాలతో సహా తిరిగి మొలుస్తుంది. వయసు ముదిరినకొద్దీ ఈ శక్తి తగ్గుతుందని కూడా గుర్తించాడు. నత్త తలలో కొంతభాగం తెగినా తిరిగి వస్తుందని ఆయన ప్రకటించినప్పుడు, ఫ్రెంచి రచయిత వోల్టేరు సైతం నత్తలను పట్టి పరీక్షించి చూశాడు. అదే ఏడు లండనులోని రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

1769లో ఆస్ట్రియా ప్రభుత్వం ఆయనను పవియా విశ్వవిద్యాలయంలో ప్రకృతిశాస్త్రానికి ఆచార్యునిగా నియమించింది. అప్పుడు ఆ ప్రాంతం ఆస్ట్రియా పాలనలో ఉండేది. చనిపోయేవరకు ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు. విశ్వవిద్యాలయంలోని ప్రకృతి వస్తు ప్రదర్శనశాలను తీర్చిదిద్దాడు. సెలవులు వస్తే చాలు, ఆల్ప్స్ కొండలకో, సముద్రతీరానికో బయలుదేరేవాడు. 1788లో వెసూవియస్, ఎట్నా అగ్నిపర్వతాలను, లిపారి దీవులను చూసివచ్చి ఆ యాత్రను పెద్ద గ్రంథంగా వ్రాశాడు.

కీర్తితోపాటు అసూయ కూడా వచ్చింది. 1785లో ఆయన కాన్‌స్టాంటినోపిలు యాత్రకు వెళ్ళినప్పుడు, ప్రదర్శనశాలలోని వస్తువులను దొంగిలించాడని తోటి ఆచార్యులు కొందరు ప్రభుత్వానికి ఫిర్యాదు చేశారు. విచారణ జరిగింది. 1787లో ఆయన నిర్దోషి అని ప్రభుత్వం ప్రకటించింది. ఆయన అభిమానం దెబ్బతిన్నది గాని పని ఆగలేదు.

తన కడుపే ప్రయోగశాల

కడుపులో అన్నం ఎట్లా అరుగుతుంది? తిరగలిలోవలె నలుగుతుందని కొందరు, కుండలోవలె పులుస్తుందని కొందరు, కుళ్ళుతుందని మరికొందరు అనేవారు. 1752లో ఫ్రాన్సుకు చెందిన రోమ్యూర్, డేగచేత చిల్లుల గొట్టంలో పెట్టిన మాంసాన్ని మింగించి, నలగకుండానే మాంసం కరిగిందని చూపాడు.

స్పలాంజాని ఈ పనిని ఎన్నో జంతువులపై సాగించాడు. కోళ్ళు, సీమకోళ్ళు మొదలైన పక్షుల కండజీర్ణాశయం గట్టిగా నలుపుతుందన్నది నిజమే. సూదులు గ్రుచ్చిన సీసపు గుండ్లను మింగిస్తే సూదిమొనలు విరిగిపోయాయి. కాని ఆ నలుపుడు జీర్ణానికి సాయమే గాని జీర్ణం కాదు. చిల్లుల గొట్టంలో దాచిన గింజ నలగకపోయినా, ముందుగానే పొడిచేసి పెడితే చక్కగా కరిగింది. కాబట్టి నలపడం ఒక పని, కరిగించడం మరొక పని.

మనిషి మాటేమిటి? దానికి ఆయన తన శరీరాన్నే వినియోగించాడు. నమిలిన రొట్టెను చిన్న నారగుడ్డ సంచిలో కుట్టి మింగాడు. మర్నాడు సంచి బయటపడినప్పుడు గుడ్డ చెక్కుచెదరలేదు, లోపలి రొట్టె మాయమైంది. తరువాత మాంసం పెట్టిన చిల్లుల కొయ్యగొట్టాలు మింగాడు. పరగడుపున వాంతి చేసుకొని జఠరరసాన్ని సేకరించాడు. ప్రాణాపాయం ఉన్నదని తెలిసికూడా చేసిన పనులు ఇవి.

చివరకు కడుపుతో నిమిత్తం లేకుండానే జీర్ణం చేసి చూపాడు. పక్షుల జఠరరసాన్ని గాజుగొట్టంలో పోసి, మాంసం ముక్క వేసి, శరీరపు వెచ్చదనం తగిలేటట్లు చంకలో పెట్టుకొని తిరిగాడు. ప్రక్కన మరొక గొట్టంలో నీటిలో వేసిన మాంసం. నీటిలోని ముక్క కుళ్ళి కంపుకొట్టింది. జఠరరసంలోని ముక్క కంపు లేకుండా కరిగిపోయింది. జీర్ణమంటే కుళ్ళడం కాదని, ఆ రసంలో కరిగించే గుణం ఉన్నదని ఒక్క జత గొట్టాలు తేల్చిచెప్పాయి. ఈ రసంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్నదని 1824లో ప్రౌట్, పెప్సిన్ అనే పదార్థం ఉన్నదని 1836లో ష్వాన్ కనుగొన్నారు.

కప్పలు చెప్పిన సత్యం, ఆయన వినని సత్యం

ఆడకప్ప గ్రుడ్లు పెట్టేటప్పుడు మగకప్ప దానిని కౌగిలించుకొని ఉంటుంది. గ్రుడ్లు తల్లి కడుపులో ఉండగానే ఫలిస్తాయా, బయటకు వచ్చిన తరువాతనా? స్పలాంజాని మైనం పూసిన పట్టుగుడ్డతో చిన్న లాగులు కుట్టి మగకప్పలకు తొడిగాడు. నవ్వు పుట్టించే ఈ ఉపాయం గొప్ప ఫలితమిచ్చింది. లాగులు తొడిగిన కప్పలతో కూడిన ఆడకప్పల గ్రుడ్లు కుళ్ళిపోయాయి. లాగులో మిగిలిన శుక్రద్రవాన్ని తీసి క్రొత్త గ్రుడ్లకు పూస్తే తోకకప్పలు పుట్టాయి.

శుక్రద్రవం తాకనక్కరలేదు, దాని ఆవిరి చాలునని ఆ కాలపు పండితులు కొందరనేవారు. రెండు గాజుచిప్పలు తీసుకొని, క్రింది చిప్పలో శుక్రద్రవం, పైచిప్పకు అంటించిన గ్రుడ్లు ఉంచాడు. ఆవిరి తగిలి గ్రుడ్లు తడిసినా ఫలించలేదు. ఆ గ్రుడ్లనే ద్రవానికి తాకిస్తే ఫలించాయి. 1780లో వెలువడిన గ్రంథంలో, ఆడకుక్కకు పిచికారితో శుక్రద్రవం ఎక్కించగా అరవైరెండు రోజులకు మూడు పిల్లలు పుట్టినట్లు వ్రాశాడు. నేడు మన పల్లెలలో పశువైద్యశాలలు ఆవులకు, గేదెలకు చేసే కృత్రిమ గర్భధారణకు ఇది తొలిమెట్టు. మంచులో చల్లబరచిన శుక్రకణాలు కదలిక మాని, వెచ్చచేస్తే తిరిగి కదులుతాయని కూడా ఆయన గమనించాడు. నేడు ఆ కణాలను ద్రవ నైట్రోజనులో ఏండ్ల తరబడి నిలువచేస్తున్నారు.

ఇక అసలైన మలుపు. స్పలాంజాని శుక్రద్రవాన్ని అద్దుడు కాగితంతో వడగట్టాడు. వడగట్టిన నీటికి ఫలింపచేసే శక్తి పోయింది. కాగితంపై మిగిలిన దానిని నీటిలో కలిపితే ఆ శక్తి కనిపించింది. కాగితం ఆపినది దేనిని? శుక్రకణాలను. ఫలింపచేసేవి అవేనన్న నిర్ణయం చేతికందేంత దూరంలో ఉన్నది.

కాని ఆయన ఆ నిర్ణయానికి రాలేదు. రాబోయే ప్రాణి యావత్తు సూక్ష్మరూపంలో గ్రుడ్డులోనే ముందుగా అమరి ఉంటుందని, శుక్రద్రవం దానిని మేలుకొలుపుతుందని ఆయన దృఢవిశ్వాసం. శుక్రకణాలు ఆ ద్రవంలో నివసించే పరాన్నజీవులని భావించాడు. ఆయన మిత్రుడు, జెనీవా పండితుడు చార్లెస్ బోనే కూడా ఈ గ్రుడ్డు సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మినవాడే. నీడ్‌హామ్ ఊహను తుత్తునియలు చేసిన వ్యక్తి తన ఊహ దగ్గరకు వచ్చేసరికి అదే కఠినత్వం చూపలేకపోయాడు. 1824లో ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు వడగట్టే ప్రయోగాన్ని తిరిగి చేసి శుక్రకణాల పాత్రను నొక్కిచెప్పారు. 1876లో హెర్ట్‌విగ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు సముద్రపు ముళ్ళకాయ అనబడే ప్రాణి గ్రుడ్లలో రెండు కేంద్రకాలు కలిసిపోవడం చూసిన తరువాతనే విషయం స్థిరపడింది.

ఉపాధ్యాయులు విద్యార్థులకు ఈ ఘట్టాన్ని దాచకుండా చెప్పడం మంచిది. ప్రయోగం సరిగా చేయడం ఒక విద్య. అది తన నమ్మకానికి విరుద్ధంగా చెప్పినప్పుడు వినడం మరొక విద్య. మొదటిదానిలో అందెవేసిన చేయి అయినా రెండవదానిలో తడబడవచ్చు.

గబ్బిలాల సమస్య

ఆయన చివరి గొప్ప పరిశోధన 1793లో, అరవైనాలుగవ ఏట మొదలైంది. దీపం ఆరిన గదిలో పెంపుడు గుడ్లగూబ గోడలకు కొట్టుకొన్నది. అదే చీకటిలో గబ్బిలాలు దేనికీ తగలకుండా ఎగిరాయి. గుడ్లగూబకు ఏ కొంచెమైనా వెలుగు కావాలి. గబ్బిలానికి అదీ అక్కరలేదా?

కన్నులు పోయిన గబ్బిలాలు కూడా గదిలో వ్రేలాడదీసిన దారాలను తప్పించుకొని ఎగిరాయి. అటువంటి వాటిని బయటకు వదలి, కొన్ని రోజుల తరువాత పవియా ప్రధాన ప్రార్థనాలయపు గంటల గోపురంలో తెల్లవారుజామున తిరిగి పట్టుకొన్నాడు. వాటి కడుపులు పరీక్షిస్తే, చూపున్న గబ్బిలాల కడుపులవలెనే పురుగులతో నిండి ఉన్నాయి. అంటే చూపు లేకుండానే అవి వేటాడుతున్నాయి. స్పర్శ, వాసన, రుచి ఒక్కొక్కటిగా తొలగించి చూసినా మార్పు లేదు.

ఈ వార్త విని జెనీవాలో లూయి జూరిన్ అనే వైద్యుడు గబ్బిలాల చెవులు మూసి చూశాడు. అవి దిక్కుతోచక అన్నింటికీ కొట్టుకొన్నాయి. స్పలాంజాని మొదట నమ్మలేదు. కాని కొట్టివేయకుండా తానే తిరిగి చేశాడు. చిన్న ఇత్తడి గొట్టాలు తయారుచేసి గబ్బిలాల చెవులలో అమర్చాడు. గొట్టాలు తెరచి ఉంటే అవి చక్కగా ఎగిరాయి; మూస్తే దారి తప్పాయి. గొట్టపు బరువుగాని, బాధగాని కారణం కాదని దీనితో రుజువైంది. చెవే గబ్బిలానికి దారి చూపుతున్నది!

కాని నిశ్శబ్దంగా ఎగిరే ప్రాణికి చెవితో ఏమి పని? ఆ కాలంలో దీనికి సమాధానం లేదు. కొందరు పరిహసించారు. ఫ్రాన్సులోని కువియే వంటి మహాపండితుడు స్పర్శయే కారణమన్నాడు. అందరూ ఆ మాటనే పాటించారు. సుమారు నూటనలభై ఏండ్లకు, 1938లో, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి గబ్బిలాలను భౌతికశాస్త్రజ్ఞుడు పియర్స్ నిర్మించిన యంత్రం ముందు ఉంచాడు. అవి నిశ్శబ్దంగా లేవు. అరుస్తున్నాయి! మన చెవి సెకనుకు ఇరవైవేల కంపనాలు మించిన ధ్వనిని వినలేదు. గబ్బిలాల కూతలు చాలావరకు అంతకు మించినవి. ఆ కూత వస్తువులకు తగిలి ప్రతిధ్వనిగా మరలివస్తుంది. దానిని విని గబ్బిలం దారిని, పురుగును గుర్తిస్తుంది.

ఇక్కడ ఒక భేదం గమనించాలి. మన ఊళ్ళలో మర్రిచెట్లకు పగలంతా తలక్రిందులుగా వ్రేలాడే పెద్ద గబ్బిలాలు పండ్లు తినేవి. వాటి కన్నులు పెద్దవి. అవి చూపు, వాసనల సాయంతో తిరుగుతాయి. పాడుపడిన గుళ్ళలో, కోటలలో కాపురముండి పురుగులను వేటాడే చిన్న గబ్బిలాలే ప్రతిధ్వనుల పద్ధతిని పాటించేవి.

అంతిమ దినాలు

నెపోలియను సేనలు ఇటలీని ఆక్రమించిన తరువాత ఫ్రెంచి ప్రభుత్వం ఆయనను పారిసుకు ఆహ్వానించింది. వయసు మీరిన స్పలాంజాని పవియాను వదలి వెళ్ళలేదు. చివరి ఏండ్లలో ప్రాణుల శ్వాసక్రియను పరిశోధించాడు. ఊపిరితిత్తులే గాక శరీరంలోని ఇతర ధాతువులు కూడా ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుస్తాయని కనుగొన్నాడు. 1799 ఫిబ్రవరిలో పవియాలో మరణించాడు. శ్వాసక్రియను గురించిన ఆయన వ్రాతలను జెనీవాలోని మిత్రుడు సెనెబియే సరిచేసి 1803లో ప్రకటించాడు.

నేటి విద్యార్థికి స్పలాంజాని చేసిన పనులలో కొన్ని కఠినంగా తోచవచ్చు. ప్రాణులను హింసించకూడదని మన దేశంలో 1960లోనే చట్టం వచ్చింది. ఆయన కోతలను పాఠశాలలో తిరిగి చేయవలసిన పని లేదు. మూసిన కుప్పెలను కాచడం కూడా ప్రమాదమే. నేర్చుకోవలసినది ఆయన పద్ధతి. మాంసం పడిన జఠరరసం ప్రక్కన మాంసం పడిన నీరు. తెరచిన ఇత్తడి గొట్టం ప్రక్కన మూసిన గొట్టం. అన్నీ సమానంగా ఉంచి, ఒక్కటి మాత్రం మార్చి, ఆ మార్పుకు ప్రకృతి ఏమి జవాబు చెబుతుందో వేచి చూడాలి. పోలికకు పెట్టిన ఆ రెండవ పాత్రనే నేడు నియంత్రిత ప్రయోగంలో భాగంగా పిలుస్తున్నాం.

దీనిని ఏ పాఠశాలలోనైనా సులువుగా చేసి చూపవచ్చు. రెండు శుభ్రమైన సీసాలలో ఉలవలు ఉడికించిన నీటిని సమంగా పోయాలి. రెండింటి మూతులను దూదితో బిగించి, మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టి అరగంటసేపు కాచాలి. చల్లారిన తరువాత ఒకదాని దూదిని తీసివేయాలి, రెండవదానిని అట్లాగే ఉంచాలి. గాలి రెండింటిలోకి పోతుంది, ధూళి మాత్రం ఒకదానిలోకే పోతుంది. ఏ సీసాలోని నీరు ముందుగా మసకబారుతుందో విద్యార్థులు రోజూ వ్రాసిపెట్టుకోవాలి. ఒకవేళ దూది ఉన్న సీసా కూడా కొన్నాళ్ళకు చెడితే, పాఠం తప్పిందని పారబోయనక్కరలేదు. వేడి చాలలేదా, దూది వదులైందా, వేడిని తట్టే సిద్ధబీజాలు మిగిలాయా అని అడిగి, మళ్ళీ కాచి చూడాలి. స్పలాంజాని నీడ్‌హామ్ సీసాను చూసి అడిగిన ప్రశ్నలు కూడా అవే.